దవాఖాన వంట కాంట్రాక్టుకు ఇచ్చిన ఏడాది

కొత్తగా సర్కారు నౌకరీలో చేరిన పిల్లలు మా ఇంటికి వస్తే నేను మొదట అడిగేది ఒకటే. మీ ఆఫీసులో బయటివాళ్లకు అప్పజెప్పిన పనులు ఏమేమి ఉన్నాయని. ఊడ్చేది ఒక ఏజెన్సీ, కాపలాకు ఇంకో ఏజెన్సీ, కంప్యూటర్లకు మరొకరు అని వేళ్ల మీద లెక్కబెట్టి చెప్తారు. అయితే మీకు పని తగ్గిందన్నమాట అంటే, తగ్గింది మేడమ్ అంటారు, సంతోషంగా. నాకు నవ్వొస్తుంది. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి ఈ కథ చెప్తాను. విన్నాక కొందరు ఆలోచనలో పడతారు, కొందరు ఇంకో కప్పు చాయ్ అడుగుతారు. ఇద్దరూ నాకు ఇష్టమే.

నేను నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఎక్కువ కాలం బాలింతల వార్డులోనే గడిపాను. నల్గొండ జిల్లాలో పాత మహబూబ్‌నగర్ జిల్లాకు తగిలే మూలన ఉండే దవాఖాన అది. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడ పనిచేసిన వాళ్లంతా, ఇందులో ఉన్నది నేనేనా అని ఫోన్లు చేస్తారు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, కాన్పులకు సర్కారు దవాఖానకే రావాలని ఊరూరా చెప్పడం ఎక్కువైంది. జనం ఆ మాట నమ్మి నిజంగానే వచ్చేశారు. మంచాలు చాలలేదు, వంట అసలే చాలలేదు. ఉన్న ఒక్క వంటమనిషి రిటైరైతే ఆ పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. కొన్నాళ్లు వాచ్‌మన్ వండాడు. ఆ ఉప్మా సంగతి ఎక్కువ చెప్పను, అది తిన్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు.

చివరికి రోగుల భోజనం కాంట్రాక్టుకు ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. దానికి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. దవాఖాన సూపరింటెండెంటుగా ఉన్న పెద్ద డాక్టరమ్మ, ఆఫీసు కాగితాలన్నీ చూసే హెడ్ క్లర్కు, నేను. డాక్టరమ్మ చేయి బంగారం, నోరు పచ్చిమిరపకాయ. ఎంతమంది తల్లులను గండం గట్టెక్కించిందో, అంతమంది నర్సులను ఏడిపించింది. హెడ్ క్లర్కుకు కాగితమంటే ప్రాణం. అన్నం తిని చేయి కడుక్కుంటే ఆ సంగతి కూడా ఫైల్లో రాసుకునే రకం అని మేం వెనకాల నవ్వుకునేవాళ్లం. మనిషి మాత్రం మెత్తన. ఎవరికైనా సెలవు కావాలంటే ఏ రూలు కింద దొరుకుతుందో తానే వెతికి పెట్టేవాడు.

షరతులు తయారుచేసే పని ఆయనే తన మీద వేసుకున్నాడు. పట్నంలో ఎక్కడో ఒక పెద్ద దవాఖాన షరతుల కాగితాలు సంపాదించి, ఆ పేరు తీసేసి మా పేరు పెట్టాడు. నేను చదువుతుంటే ఒకచోట, భోజనం బండ్లు లిఫ్టు ముందు నిలపరాదని ఉంది. మాది రేకుల వరండా ఉన్న ఒకే అంతస్తు దవాఖాన. ఇది తీసేద్దామంటే, ఉండనియ్యండి మేడమ్, రేపు లిఫ్టు వస్తే మళ్లీ రాయాలె అన్నాడు. అట్లా ఆ లిఫ్టు మా షరతుల్లో ఉండిపోయింది. బాలింతలకు ఏం పెట్టాలో కూడా అందులోనే ఉంది. అన్నం, పప్పు, ఆకుకూర, ఉడికించిన గుడ్డు, పెరుగు, అరటిపండు, పాలు. ఒక్కొక్కటి ఎన్ని గ్రాములో, తక్కువైతే ఎంత జరిమానానో, ఆలస్యమైతే ఎంతో, అంతా స్పష్టంగా ఉంది. బలమైన తిండి, పకడ్బందీ కాగితం. ముగ్గురం సంతకాలు పెట్టి మిఠాయి తెప్పించుకుని తిన్నాం.

కాంట్రాక్టు పానగల్ వైపు నుంచి వచ్చిన ఒక ముస్లిం వంటాయనకు దక్కింది. అందరం భాయి అనే పిలిచేవాళ్లం. భార్యాభర్తలిద్దరూ పెళ్లిళ్లకు, దావత్‌లకు వండేవాళ్లు. ఆయన చేతి బగారన్నం అంటే చుట్టుపక్కల ఊళ్లలో పేరు. సర్కారు పని చేయడం అదే మొదలు. మాటల్లో ఎంత మర్యాదో గిన్నెలు కడిగించడంలో అంత చండశాసనుడు. వచ్చిన వారంలోనే వంటగది గోడలకు సున్నం వేయించాడు, వాచ్‌మన్‌ను పొయ్యి దగ్గరికి రానివ్వకుండా తరిమాడు. దీనికి మాత్రం దవాఖాన మొత్తం ఆయనకు రుణపడి ఉంది.

తిండి నిజంగా బాగుండేది. హెడ్ క్లర్కు రోజూ రుచి చూసేవాడు, అది షరతుల్లో ఉంది కాబట్టి. నాలుగు నెలలు తిరిగేసరికి ఆయన ప్యాంట్లు బిగుతయ్యాయి. వార్డుల నుంచి పళ్లాలు నాకినట్టు తిరిగొచ్చేవి, ఒక్క మెతుకు మిగిలేది కాదు. రోగులు భోజనం ఇష్టంగా తింటున్నారని నేను నెలనెలా రాసి ఇచ్చేదాన్ని. నల్గొండలో మీటింగ్ పెట్టినప్పుడు మా దవాఖానను చూసి నేర్చుకోండని మిగతా వాళ్లకు చెప్పారట. డాక్టరమ్మ తిరిగొచ్చి ఆ రోజు ఎవరినీ తిట్టలేదు.

అప్పుడు కాన్పుకు వచ్చింది ఒక పిల్ల. గొర్లు కాసుకునే కుటుంబం. భర్త మంద వెంట దూరం పోయి ఉన్నాడు, అత్త వెంటబెట్టుకుని వచ్చింది. తొలి కాన్పు, ఆపరేషన్ అయింది, ఆడపిల్ల పుట్టింది. తల్లికి ముందే రక్తం తక్కువ. రక్తం ఎక్కించాం, మందులు ఇచ్చాం, బాగా తినాలని చెప్పాం. ఆమెతో పాటు ఆపరేషన్లు అయినవాళ్లు ఒక్కొక్కరే ఇంటికి పోయారు. ఈ పిల్ల మాత్రం లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోయేది. కుట్లు మానడం లేదు. పాలు చాలక పసిగుడ్డు ఒకటే ఏడుపు. ఇంకో రెండు రోజులు చూసి నల్గొండ పెద్దాసుపత్రికి పంపేద్దామని డాక్టరమ్మ అంది. బాగవుతుందని అనుకున్న కేసును పైకి పంపాల్సి రావడం మాకు ఎప్పుడూ బాధే. ఆ పిల్లను చూస్తే ఇంకా బాధగా ఉండేది, చెంపలు లోపలికి పోయి, పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకునేది.

డాక్టరమ్మ ఊరుకునే మనిషి కాదు. మందులు సరిగ్గానే ఉన్నాయి, రక్తం ఎక్కించాం, ఇక మోసం జరిగితే తిండిలోనే జరగాలి అంది. అనుమానం వచ్చాక వార్డులో ఇంకా ఇద్దరు ముగ్గురు కూడా నీరసంగానే కనపడ్డారు. భాయికి నోటీసు పోయింది. హెడ్ క్లర్కు పాలు పరీక్ష చేయించాడు. గుడ్లు చిన్నవేమోనని మా పసిపిల్లల తూకం యంత్రం మీద పెట్టి తూచాడు. పాలు చిక్కగానే ఉన్నాయి, గుడ్లు బరువుగానే ఉన్నాయి. తూచిన రోజు ఎవరైనా బాగానే పెడతారు అని డాక్టరమ్మ కొట్టిపారేసింది. మర్నాడు మధ్యాహ్నం తన గదికి వచ్చి జవాబు చెప్పాలని, జవాబు నచ్చకపోతే కాంట్రాక్టు రద్దు చేసి, ఇక ఏ సర్కారు ఆఫీసులోనూ పని దొరకకుండా రాస్తానని కబురు పంపింది.

ఆ సాయంత్రం భాయి వార్డు బయట నా కోసం నిలబడ్డాడు. ఎప్పుడూ ఇస్త్రీ లాల్చీలో ఉండే మనిషి, ఆ రోజు చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు.

"సిస్టర్, బాలెంతల నోటికాడి గుడ్డు నేను తింటనా? కాంట్రాక్టు వోతె వోనీ. గీ మాట ఊర్లల్ల వడితె రేపు నన్ను ఏ పెండ్లికి పిలుస్తరు?"

ఆయన అటువంటి మనిషి కాదని నాకు తెలుసు, కానీ తెలియడం వేరు, డాక్టరమ్మ ముందు చెప్పడం వేరు. ఇంటికి పోయి ఆలోచించాను. వంటగది నుంచి తిండి బయల్దేరడం చూశాను, పళ్లాలు ఖాళీగా రావడం చూశాను. ఆ నడుమ జరిగేది ఎవరం చూడలేదు. ఎందుకంటే భోజనం పన్నెండున్నరకు రావాలని షరతు. అప్పటికి డాక్టర్ల రౌండ్లు అయిపోతాయి, నర్సులం డబ్బాలు పట్టుకుని మా గదికి పోతాం. ఆయా పళ్లాలు పంచి తానూ తినడానికి పోతుంది. మేం తినే వేళకే వాళ్లకూ పెట్టమని రాసుకున్నాం.

మర్నాడు నా టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ పిల్ల మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. వార్డంతా బిగుసుకుపోయింది. పళ్లాలు వచ్చాయి, ఎవరూ చేయి పెట్టడం లేదు. నేను డబ్బా మూత తీసి తినడం మొదలుపెట్టాను. తింటున్న మనిషిని చూసి ఎవరూ ఎక్కువసేపు భయపడరు. కాసేపటికి ఎవరి పని వాళ్లు మొదలుపెట్టారు.

అత్త కోడలి పళ్లెం తన ఒళ్లోకి తీసుకుంది. సంచిలోంచి చిన్న మూట తీసి, ఉత్త అన్నంలో కారప్పొడి కలిపి కోడలికి నాలుగు ముద్దలు పెట్టింది, గోరువెచ్చని నీళ్లు తాగించింది. అంతే, ఆ పిల్ల భోజనం అయిపోయింది. తర్వాత అత్త పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు, అరటిపండు, వరసగా, నింపాదిగా, ఏదీ వదలకుండా తాను తిన్నది. పళ్లెం నాకినట్టయింది. తల తిప్పి చూస్తే ప్రతి మంచం దగ్గరా ఇదే వరస. అమ్మలు, అత్తలు, ఒక మేనత్త, ఒక అమ్మమ్మ, అందరూ మా గ్రాముల లెక్క ప్రకారం బలమైన ఆహారం తీసుకుంటున్నారు.

నాకు ముందు కోపమే వచ్చింది. గట్టిగా అడిగాను కూడా. ఆమె జంకలేదు.

"పచ్చి బాలెంతకు గవి పెడ్తరా సిస్టరమ్మా? పప్పు, గుడ్డు తింటె కుట్లు చీము వడ్తయి. పెరుగు, అరటిపండు పసిదానికి సలువ చేస్తది. పారేస్తె పాపమని నేను తింటున్న. మీ వంటాయనంటే మొగోడు, ఆయనకు ఎరుక లేదు. నీకు గూడ ఎరుక లేదా?"

నా కోపం అక్కడికక్కడే దిగిపోయింది. నాకు ఎరుక లేకేం? నా కాన్పులప్పుడు, నేను నర్సునని కూడా చూడకుండా మా అమ్మ నాకు వారాల తరబడి కారప్పొడి అన్నం పెట్టింది, నేను నోరు మూసుకుని తిన్నాను. కోడలి కడుపు మాడ్చి తాను తినే మనిషి కాదు ఈమె. వచ్చిన రోజు నుంచి ఆ మంచం వదిలి పోలేదు. పిల్ల కాళ్లు పిసుకుతూ, పసిదాన్ని భుజాన వేసుకుని వార్డంతా తిరుగుతూ కనపడేది. వెంట వచ్చినవాళ్లకు మేం ముద్ద పెట్టేది లేదు, బయట హోటల్లో తినే స్తోమత ఆమెకు లేదు. పథ్యం తప్పితే కోడలికి ఏమవుతుందోనని భయం, అన్నం పారేస్తే ఏం తగులుతుందోనని భయం. రెండు భయాల నడుమ ఆమె తనకు తెలిసిన న్యాయం చేసింది. నాకు ఆమె మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

చేయి కడుక్కుని, ఆమె చేయి పట్టుకుని డాక్టరమ్మ గదికి తీసుకుపోయాను. భాయి అప్పటికే టోపీ చేతిలో నలుపుతూ నిలబడి ఉన్నాడు. ఈమెను సాక్షిగా రాసుకోవాలా అని హెడ్ క్లర్కు అడిగాడు. నేను జరిగింది చెప్పాను. భాయి కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. డాక్టరమ్మ మాత్రం అత్త మీద విరుచుకుపడింది. గుడ్డుకూ చీముకూ సంబంధం లేదని, ఆ పిల్ల ప్రాణాల మీదికి తెస్తున్నావని కేకలేసింది. అత్త కిందికి చూస్తూ తల ఊపుతోంది గానీ ఒప్పుకున్న మొహం కాదు అది. ఇట్లా తల ఊపినవాళ్లను నేను నా సర్వీసంతా చూశాను, ఊపారంటే విన్నారనుకున్నాను.

నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో తెలియదు, డాక్టరమ్మను అడిగేశాను.

"మేడమ్, మీ బాబు పుట్టినప్పుడు మీ అమ్మగారు మీకేం పెట్టిన్రు?"

నా పని అయిపోయిందనుకున్నాను. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎల్లిపాయ కారం," అంది. "నెల రోజులు. గుడ్డు అడిగితే మా అమ్మ కొట్టడానికి వచ్చింది."

ముందు ఆమే నవ్వింది, తర్వాత మేం నవ్వాం. హెడ్ క్లర్కు భార్యకు పాలమూరులో పుట్టింట్లో కాన్పు అయిందట, పెరుగు గిన్నె ఆ గది గడప కూడా దాటనివ్వలేదట. భాయి ఇంట్లో కాన్పు తర్వాతి నలభై రోజుల చిల్లా పూర్తయ్యేదాకా మేకకాళ్లు మరిగించి చేసే పాయ షోర్వా, సోంటి, మిరియాలు తప్ప ఇంకేమీ ఉండవట. అంటే ఆ గదిలో ఉన్న మా ఎవరింట్లోనూ పచ్చి బాలింతకు ఆ పళ్లెం పెట్టలేదు. కానీ ఆఫీసులో కూర్చున్నాక మా ఇళ్లు మాకు గుర్తుకు రాలేదు. పట్నం కాగితంలో ఉన్నదే తిండి అనుకున్నాం.

పాయ అనే మాట వినగానే అత్త తల ఎత్తింది. కాళ్ల షోర్వా అయితే మంచిదే, నడుము గట్టిపడుతుంది, పాలు పడతాయి అంది. హెడ్ క్లర్కు నసిగాడు, పాయ మన షరతుల్లో లేదు మేడమ్ అని. డాక్టరమ్మ మందుచీటీల పుస్తకం ముందుకు లాక్కుని, ఆ పిల్ల పేరు రాసి, కింద పాయ షోర్వా, రోజుకు ఒకసారి అని రాసి చింపి ఇచ్చింది. నా సర్వీసులో అటువంటి మందుచీటీ ఇంకొకటి చూడలేదు. డాక్టరు రాసినాక నాకేం ఫికర్ అని హెడ్ క్లర్కు దాన్ని భద్రంగా ఫైల్లో పెట్టుకున్నాడు. తర్వాత డాక్టరమ్మకూ అత్తకూ సంతలో కూరగాయల బేరం జరిగినట్టు జరిగింది. గుడ్డు కుట్లు విప్పినాక పెట్టాలి. పాలు మిరియాలు వేసి వేడిగా అయితే సరే. ఆకుకూర బదులు బీరకాయ. పెరుగు దగ్గర మాత్రం అత్త ఒక్క అంగుళం జరగలేదు, డాక్టరమ్మే వదిలేసింది.

ఇక మిగిలింది నోటీసు. భాయి తప్పు ఏమీ లేదని, షరతులు రాయడంలోనే దవాఖాన పొరపాటు చేసిందని రాయమంది డాక్టరమ్మ. హెడ్ క్లర్కు కలం ఆగిపోయింది. మన తప్పని మనమే రాసుకుంటమా మేడమ్ అన్నాడు. మరి ఆయన తప్పని రాస్తవా అని ఆమె అడిగింది. ఆయన కాసేపు కలం వైపు చూసి రాసేశాడు. ఆ రెండు వాక్యాలకే ఆయన మీద నా గౌరవం పెరిగింది. భాయి టోపీతోనే కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, పిల్లలకు పనికొస్తాయి. బాలింతల భోజనం మార్చి రాశాం. ఈసారి రాసేముందు వార్డులో అమ్మలనూ అత్తలనూ అడిగాం. భోజనం వేళ ముందుకు జరిపి, రోజుకు ఒక నర్సు అక్కడే కూర్చోవాలని పెట్టుకున్నాం. వెంట ఉండే ఒక మనిషికి కూడా ముద్ద పెట్టడానికి నల్గొండకూ హైదరాబాదుకూ ఉత్తరాలు రాసీ రాసీ హెడ్ క్లర్కు రిటైర్మెంటు దగ్గరికి వచ్చాడు, చివరికి సాధించాడు. అందుకే మీకు చెప్పేది, కాంట్రాక్టు ఇచ్చాక కాగితం చూసి ఊరుకోకండి. కంచం దగ్గరికి పోయి కూర్చోండి. లిఫ్టు షరతు మాత్రం ఇంకా ఉందనుకుంటాను.

ఇక ఆ పిల్ల సంగతి. మర్నాడు పొద్దున్నే అత్త వంటగదికి పోయి మేకకాళ్లు తానే చూసి, రెండు ముదురువని పక్కన పడేసింది. భాయి మారుమాట లేకుండా వేరేవి తెప్పించాడు. భోజనం వేళకు షోర్వా గిన్నె వార్డుకు వచ్చింది. డాక్టరమ్మ కూడా వచ్చి మంచం పక్కన నిలబడింది. హెడ్ క్లర్కు ఏదో ఫైలు పని ఉన్నట్టు తలుపు దగ్గర తచ్చాడాడు. వంటవాళ్లు వార్డులో అడుగుపెట్టరాదని షరతు, అందుకని భాయి గడప బయటే ఆగిపోయాడు. అత్త పిల్లను లేపి కూర్చోబెట్టి, గిన్నె చేతికిచ్చింది. పిల్ల ఊదుకుంటూ తాగింది. డాక్టరమ్మ అత్తను అడిగింది, వేడి సరిపోయిందా అని. నేను అత్తను అడిగాను, మిరియాలు ఎక్కువేం కాలేదు కదా అని. అత్త అన్నింటికీ తృప్తిగా తలూపుతోంది.

గడప అవతలి నుంచి భాయి మా అందరి భుజాల మీదుగా తొంగిచూశాడు.

"ఉప్పు సరిపోయిందా చెల్లే?"

ఆ పిల్ల తలెత్తింది. ఆమె నాడి ఎన్నిసార్లు చూశానో, జ్వరం ఎన్నిసార్లు చూశానో, పసిదాని ఏడుపు నాకు నిద్రలో కూడా వినపడేది. ఆమె గొంతు మాత్రం నేను అప్పటిదాకా వినలేదు. మాలో ఎవరమూ ఆమెను ఒక్క మాట అడగలేదు. ఆమె ముందు అత్త వైపు చూసింది, తర్వాత డాక్టరమ్మ వైపు చూసింది, ఆ తర్వాత భాయి వైపు తిరిగింది.

"జర తక్వైంది అన్నా," అంది. కాస్త ఆగి, "మంచిగుంది. ఇంకింత పోస్తవా?"

డాక్టరమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. భాయి చెప్పులు గడప బయట విడిచి, గిన్నె పట్టుకుని వార్డులోకి వచ్చేశాడు. హెడ్ క్లర్కు అది చూసి, చేతిలో ఫైలు తెరిచి అందులో తల పెట్టాడు.